పలుపుతో సహా

దీపావళి వెళ్ళాక మా ఊళ్ళో ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి తీసిన జనం మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. దాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. తిరిగి వచ్చేది ఉగాదికి. అప్పటిదాకా ఊళ్ళో ముసలివాళ్ళు, బడిపిల్లలు ఉంటారు. ఆలూరు మండలంలో ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. మా ఊరి బడిలో నేను లెక్కలు చెబుతాను.

నా భార్య శివకుమారి ఇదే బడిలో తెలుగు చెప్పేది. సుగ్గికి పోయిన తల్లుల కోసం ఆమె ఒక వెబ్‌సైట్ తయారు చేసింది. తల్లి దగ్గర మామూలు బటన్ ఫోన్ ఉన్నా చాలు. ఒక నంబరుకు చేస్తే ముందు శివకుమారి గొంతు వినిపిస్తుంది: "మీ బిడ్డతో మాట్లాడండమ్మా. తొందర లేదు." తల్లి మాట్లాడుతుంది. ఆ మాట వెబ్‌సైట్‌లో చేరుతుంది. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలు బడి కంప్యూటరు దగ్గర నిలబడి ఎవరి అమ్మ మాట వాళ్ళు వింటారు. బదులు చెబితే అది తల్లి ఫోనుకు వెళ్తుంది.

పోయిన వేసవిలో శివకుమారి చనిపోయింది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను. వెబ్‌సైట్ నా చేతికి వచ్చింది. ఫోన్ చేసిన తల్లులకు ఆమె గొంతే పలుకుతూ ఉంది. నేను దాన్ని మార్చలేదు.

ఈసారి సుగ్గి మొదలైన కొద్దిరోజులకే పిల్లలకు మాటలు రావడం ఆగిపోయింది. మా వెబ్‌సైట్‌కు అద్దెకు చోటిచ్చిన కంపెనీ తన యంత్రాలను మార్చుకుంది. ఫోనులో చెప్పిన మాటను వెబ్‌సైట్‌కు చేర్చే పాత ప్లగిన్ ఆ కొత్త యంత్రాల మీద పనిచేయలేదు. ఫోను లైను మాత్రం అలాగే ఉంది. తల్లి నంబరు నొక్కుతుంది, శివకుమారి మాట్లాడమంటుంది, తల్లి మాట్లాడుతుంది. ఆ మాట ఎక్కడికీ పోదు.

రెండే దారులు. కొత్త ప్లగిన్ తెచ్చి తగిలించాలి. లేదా ఆ లైనులో శివకుమారి మాట తీసేసి, ఇక్కడ మాట్లాడవద్దని తల్లులకు చెప్పాలి.

మొదట వచ్చి అడిగింది సుంకులమ్మ. కొడుకూ కోడలూ సుగ్గికి పోతే మూడో తరగతి చదివే మనవరాలు ఆరాధనను ఆమె చూసుకుంటోంది. ఆ ఇంట్లో ఫోను లేదు.

"ఏం సారూ, మీ పెట్టె మూగదైపాయనా?" అంది తరగతి గుమ్మంలో నిలబడి.

"బాగు చేస్తాండానమ్మా."

"యాడ చేస్తాండావు? నేనొచ్చినప్పుడల్లా దాని ముందర కూచోని చూస్తాండావు. ఈ పిల్ల నా పానం తోడేస్తాంది. మా యమ్మ ఏమనె, మా యమ్మ ఏమనె అని. తట్టుకోలేక నేనే నా కోడలి మాదిరి గొంతు మార్చి మాట్లాడినా. నమ్మల్యా."

"అవ్వ గొంతు కప్ప మాదిరి ఉండాది" అంది ఆరాధన.

"చూస్తివా సారూ! పొద్దున్నే లేసి రొట్టె చేసి పెట్టేదానికి కప్పంట!"

ఆరాధన నవ్వలేదు. కంప్యూటరు వైపు చూసి తరగతిలోకి వెళ్ళిపోయింది.

కొత్త ప్లగిన్‌ను వెతికి తెచ్చింది మా హెడ్‌మాస్టరు జ్ఞానరాజు. దాని పేరు గువ్వ. తయారు చేసింది ఓబులేష్ అని మా బడిలోనే చదివిన అబ్బాయి, శివకుమారి శిష్యుడు. ఇప్పుడు కడపలో వెబ్‌సైట్లు చేసే దుకాణం నడుపుతున్నాడని విన్నాను. జ్ఞానరాజు తన ఫోనులో చూపించిన ప్లగిన్ పేజీలో అతని ఫొటో ఉంది. ఫొటో కింద ఒక వాక్యం: "నాకు మాట విలువ నేర్పిన మా శివకుమారి మేడంకు."

నేను చదివి, ఫోను జ్ఞానరాజుకు తిరిగి ఇచ్చాను.

"ఇంకేమప్పా, మనోడు చేసింది. మేడం పేరు గూడా ఉండాది. ఈ పొద్దే తగిలించు. మేడం గొంతు లైన్లో అట్లనే ఉంటాది, పిల్లోళ్ళకు మాటలొస్తాయి."

"ఒకసారి చూసి పెడతా సార్."

"ఏం చూస్తావు? ఎద్దును కొంటాండావా, పండ్లు చూసేకి? ఊరికే ఇస్తాండారు."

"ఊరికే ఇచ్చే ఎద్దుకే పండ్లు చూడాల సార్."

"లెక్కలయ్యవార్లతో ఇదే తంటా. కూడిందాన్నే మళ్ళీ కూడతారు." నవ్వి నా భుజం తట్టాడు. "నేనైతే మన హెడ్‌మాస్టర్ల గ్రూపులో పెట్టేసినా. మేడం పేరు చూసి అందరూ సంతోషపడినారు."

ప్లగిన్‌ను వెబ్‌సైట్‌కు తగిలించడమంటే కొత్త మనిషికి ఇంటి తాళాలు ఇవ్వడమే. ఆ తర్వాత ఏ గదిలోకైనా పోగలదు. మా వెబ్‌సైట్‌లో బయటివాళ్ళు చూడకుండా తాళం వేసిన గది ఒకటి ఉంది. ప్రతి పిల్ల పేరు, తరగతి, ఎవరి దగ్గర ఉంటున్నదీ, తల్లి ఫోను నంబరు, ఆమె ఏ ఊరికి పోయిందీ అందులో ఉంటాయి. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో ఆ ఒక్క గదిలో తెలిసిపోతుంది. శివకుమారి ఆ గది పాస్‌వర్డు ఆసుపత్రిలో నాకు చెప్పింది. చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి.

నాకు కోడ్ పూర్తిగా చదవడం రాదు. కానీ కొత్తది ఏది తగిలించేముందైనా శివకుమారి ఏమేం చూసేదో పక్కన కూర్చుని చూసినవాణ్ణి. వియ్యానికి పోయేవాళ్ళు ఆ ఇంట్లో కాదు, పక్క ఊళ్ళో విచారించాలి అనేది. పేజీ తన గురించి తాను చెప్పుకునే మాట పక్కనపెట్టి చుట్టుపక్కల చూశాను.

మొదట్లో ఓబులేష్ తరచుగా చిన్న చిన్న సవరణలు చేశాడు. ఏం చేశాడో ప్రతిసారీ తెలుగులో రాశాడు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ లేదు. ఈ మధ్య మళ్ళీ వరసగా మార్పులు వచ్చాయి. ఏం మార్చారో రాయలేదు. వాడినవాళ్ళ అభిప్రాయాలు చదివాను. పాతవాటిలో మెప్పులూ ఉన్నాయి, తిట్లూ ఉన్నాయి. "ఓబులేషూ, మా అవ్వ మాట సగంలో తెగిపోతాంది, చూడప్పా" అని ఒకాయన రాస్తే, "రేప్పొద్దున్నకు చేస్తానన్నా" అని అతను బదులిచ్చాడు. కొత్త అభిప్రాయాలన్నీ మెప్పులే. అన్నీ ఒకే మనిషి రాసినట్టున్నాయి. కింద ఎవరూ బదులివ్వలేదు.

తర్వాత అది ఏమేం అడుగుతుందో చూశాను. పిల్ల బదులు పంపాలంటే ఆ ఒక్క తల్లి నంబరు కావాలి. అది న్యాయం. గువ్వ మాత్రం గది మొత్తం తెరవమంటోంది. పిల్ల ఎవరి దగ్గర ఉంటున్నదీ దానికెందుకు? దాని ఫైళ్ళలో వెబ్ చిరునామాల కోసం వెతికాను. ఒకటి ఓబులేష్‌ది కాదు, ప్లగిన్‌దీ కాదు. అది ఎవరిదో ఎంత వెతికినా తేలలేదు. ఓబులేష్ పాత నంబరుకు ఫోన్ చేశాను. పనిచేయడం లేదు.

ఇంతటితో వద్దని చెప్పేయవచ్చు. కానీ పేజీలో ఆ వాక్యం ఉంది. అనుమానంతో ఆమె పేరును పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంకొకటి చేశాను. మా వెబ్‌సైట్‌కు ఒక నకలు తయారు చేసి వేరే చోట పెట్టాను. అందులో మా పిల్లలెవరూ లేరు. దాని తాళం గదిలో, నిజంగా లేని ఒక పిల్లను రాయాలి. పేరు శివాని అని రాశాను. మూడో తరగతి. తల్లి పేరు శివకుమారి, మిరపకోతలకు పోయింది. నంబరు శివకుమారిది. ఆమె ఫోను మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది. చార్జింగ్ పెడుతూ ఉంటాను. నాది కాక ఇంకో నంబరు నా దగ్గర లేదు.

ఆ నకలుకు గువ్వను తగిలించి, ఆ పిల్ల వివరాలు ఎటైనా పోతాయేమో చూద్దామని వదిలేశాను.

వారాలు గడిచాయి. జ్ఞానరాజు రోజూ అడిగేవాడు. "ఏమప్పా, ఎద్దు నడక చూడడం అయిందా?" తర్వాత అడగడం మానేశాడు. సుంకులమ్మ మానలేదు.

"నీకు పిల్లాజెల్లా లేరు కాబట్టి ఇంత నిదానం చేస్తాండావు" అంది ఒకరోజు. అన్నాక తానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తప్పు మాటొచ్చె సారూ. టీచరమ్మ ఉంటే నా చెంప పగలగొట్టుండు."

"ఆమె కొట్టదులే అమ్మా" అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటున్నాను. శివకుమారి ఫోను మోగింది.

తీశాను. నేను మాట్లాడేలోపే అవతల మగగొంతు, చాలా మర్యాదగా, "అమ్మా, శివకుమారి గారేనా?" అంది. జవాబు కోసం అతను ఆగలేదు. "కంగారు పడకండమ్మా. మీ పాప శివాని బడి దగ్గర పడిపోయింది. తలకు దెబ్బ తగిలింది. కర్నూలు ఆసుపత్రికి తెచ్చాం. మీరు గుంటూరు వైపు ఉన్నారట కదా, వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదంటున్నారు డాక్టరు గారు, డబ్బు ముందే కట్టాలట." అతని వెనక ఒక పిల్ల ఏడుస్తోంది. అమ్మా, అమ్మా అని.

నేను లేచాను. చెయ్యి కడుక్కోలేదు. చెప్పులు వేసుకున్నాను. బండి తాళం చెవి కోసం మేకు దగ్గర చెయ్యి పెట్టాను. తాళం చెవి చేతికి తగిలింది. అప్పుడు నిలబడిపోయాను.

శివాని మేమిద్దరం ఎప్పుడో అనుకున్న పేరు. పెట్టే అవసరం రాలేదు.

"ఏ ఆసుపత్రి?" అని అడిగాను. మగగొంతు విని అతను ఫోను పెట్టేశాడు.

లేని పిల్ల కోసం, ఆ పేరు నా చేత్తో నేనే రాసి, నేను చెప్పులు వేసుకున్నాను. మిరప చేలో ఉన్న తల్లి ఏం చేస్తుంది? చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాను. తర్వాత నకలును తుడిచేశాను.

మరుసటి రోజు బడికి సెలవు పెట్టి, గుంతకల్లులో రైలెక్కి కడప పోయాను. తాడిపత్రి దాటాక కిటికీ అవతల అంతా నాపరాళ్ళ గుట్టలు, సిమెంటు దుమ్ము. కడపలో ఓబులేష్ దుకాణం ఒక టైలరు షాపు మీద ఉంది. గండికోటకు వచ్చేవాళ్ళకు గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళ వెబ్‌సైట్లు చేస్తున్నాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. చాలా చిక్కిపోయాడు.

"సార్! మేడం సంగతి తెలిసింది సార్. రావల్ల అనుకుంటి. మొగం చెల్లక…"

"గువ్వ నీదేనా ఓబులేషూ?"

అతను కూర్చోలేదు. "అది ఇప్పుడు నాది కాదు సార్. పోయినేడు అమ్మేసినా. మా నాయన సుంకప్పకు కిడ్నీలు పాడైనప్పుడు. ఎవరో మెయిల్ పెట్టినారు, కొంటామని. యాడోళ్ళో తెల్దు. నేను చూడల్యా."

"మరి పేజీ మీద నీ ఫొటో ఉండాది."

"వాళ్ళు అడిగిందే అది సార్. ఫొటో, పేరు, మేడంకు రాసిన మాట, ఏదీ తీయగూడదని. తీస్తే కొనమన్నారు. నేను అనుకున్నా, పోనీలే, మేడం పేరు ఉంటే మంచిదే కదా అని."

నేను ఫోను సంగతి చెప్పాను. శివాని అనే పేరు ఎందుకు రాశానో చెప్పలేదు. ఏ పేరైతేనేం. అతను విని గోడకు ఆనుకున్నాడు.

"మీ నాయన ఎద్దులు అమ్మినప్పుడు పలుపు ఇచ్చినాడా?" అని అడిగాను.

మా వైపు ఎద్దును కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని, దానితోనే తోలుకుపోతాడు. మెడనున్న పాత పలుపును అమ్మినవాడు విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. ఎద్దు పోయినా ఇంటి పేరు పోకూడదని. ఎంత కష్టంలో అమ్మినా పలుపు ఇవ్వరు. ఓబులేష్ మా ఊళ్ళో పుట్టినవాడే.

"ఇయ్యల్యా సార్" అన్నాడు. "ఇప్పుడు గూడా మా ఇంట్లో మేకుకు తగిలించి ఉంటాది." కాసేపటికి, "నేను పలుపుతో సహా ఇచ్చేసినా" అన్నాడు.

"తీయించగలవా?"

"పాస్‌వర్డు వాళ్ళదే సార్. మెయిలు పెట్టినా పలకరు. ఆ పేరు చూసే కదా మనోళ్ళు పెట్టుకునేది. వాళ్ళు కొన్నది ప్లగిన్ కాదు సార్."

కొత్త ప్లగిన్ రాసిస్తానన్నాడు. ఎప్పటికి అని అడిగాను. ఒక్కడే రాయాలి, పరీక్షించాలి, ఉగాది దాటుతుంది అన్నాడు. తొందరపడవద్దని చెప్పాను. రైలు దాకా వచ్చి, నా చేతిలో నీళ్ళ సీసా పెట్టాడు.

మరునాడు బడిలో జ్ఞానరాజు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. కుర్చీలో కాదు, వరండాలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు చెప్పేదానికి ముందు నేనొకటి చెప్తా" అన్నాడు. "పక్క మండలంలో ఒక బడోళ్ళు గువ్వను పెట్టినారు. నేను గ్రూపులో పెట్టిందాన్ని చూసే. ఆడ ఒక తల్లికి ఫోనొచ్చింది. కొడుకు పడిపోయినాడని. ఆయమ్మ పనిలోనించి అట్లనే ఉరికొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. కర్నూల్లో ఆసుపత్రి ఆసుపత్రీ తిరిగింది, పిల్లోని ఫొటో చూపించుకుంటా. ఆ టయానికి వాడు బడిలో సంగటి తింటాండాడు."

"ఇప్పుడెట్లుండాది?"

"పిల్లోన్ని ఇడిసిపెట్టడం లేదంట. బడికి పంపడం లేదంట." అతను నా వైపు చూడలేదు. "నువ్వు పండ్లు చూస్తానంటే నేను నవ్వితి."

"మీరు చూసింది మేడం పేరు సార్" అన్నాను. ఆ మాట అతన్ని ఓదార్చడానికి అన్నాను. ఓదార్చలేదు.

గ్రూపులో అతను అప్పటికే రాశాడు, గువ్వను తీసేయమని. ఆ బడుల దాకా మాట పోతుంది. మాకు తెలియని బడులు ఎన్ని ఉన్నాయో తెలియదు. నేను ప్లగిన్ పేజీ తెరిచి, ఓబులేష్ ఫొటో కింద, అభిప్రాయాలు రాసే చోట రాశాను. చాలాసార్లు రాసి కొట్టేశాక ఇది మిగిలింది:

"పైన రాసి ఉన్న శివకుమారి నా భార్య. ఆమె చనిపోయారు. ఈ ప్లగిన్‌ను చేసిన అబ్బాయి దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు నడుపుతున్నది ఎవరో తెలియదు. ఇది పిల్లల వివరాలు దొంగలకు చేరుస్తోంది. ఆమె పేరు చూసి దీన్ని తగిలించుకోవద్దు."

ఆమె చనిపోయారని నేను ఎక్కడైనా రాయడం అదే మొదటిసారి. పింఛను కాగితాలు ఆమె తమ్ముడు రాశాడు.

అది పేజీలో కొన్నాళ్ళు ఉంది. తర్వాత ఎవరో తీసేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ తీసేశారు. ఇప్పుడు పొద్దున పాఠం మొదలుపెట్టేముందు ఒకసారి చూసి, లేకపోతే రాస్తాను.

ఇక ఫోను లైను ఉంది. తల్లులు ఇంకా ఆ నంబరుకు చేస్తున్నారు. వాళ్ళ మాట ఎక్కడికీ పోవడం లేదు. తాళం గదిలోని నంబర్లకు చేస్తే సగం కలవలేదు; మిగతా తల్లులకు దొంగ ఫోన్ల సంగతి చెప్పడానికి నాకున్న దారి కూడా అదొక్కటే. బడి వదిలాక తరగతి గది తలుపు వేసుకుని కూర్చున్నాను. శివకుమారి మాటను ఒకసారి విన్నాను. "మీ బిడ్డతో మాట్లాడండమ్మా. తొందర లేదు." దాని మీద నా మాట ఎక్కించాను.

"నేను ఉమామహేశ్ సారును. ఈ నంబర్లో మీ మాట పిల్లోళ్ళకు చేరడం లేదు. మీ బిడ్డకు దెబ్బ తగిలిందని ఎవరన్నా ఫోన్ చేస్తే నమ్మొద్దండి. వెనక ఏడుపు ఇనపడినా నమ్మొద్దండి. ముందర బడికి ఫోన్ చేయండి. నంబరు చెప్తా, రాసుకోండి."

చివర్లో అలవాటుగా ఆమె మాటే నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఈ సంగతికి తొందర ఉంది.

పిల్లలకూ ఒకటి నేర్పాను. మీ అమ్మ అని ఎవరు ఫోన్ చేసినా, మీ అమ్మకూ మీకూ తప్ప ఇంకెవరికీ తెలియనిది ఒకటి అడగండి. జవాబు సరిగ్గా వస్తేనే మాట్లాడండి. లెక్కల పాఠంలో ఇన్నేళ్ళలో ఇలాంటి పాఠం చెబుతానని అనుకోలేదు. పిల్లలు శ్రద్ధగా విన్నారు.

రెండో రోజు బడి ఫోను మోగింది. ఆరాధన తల్లి. ఎవరి ఫోనో అడుక్కుని చేస్తోంది. వెనక మిరపకాయలు తూచేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి.

"సార్, మేడం గొంతు తీసేస్తిరా?"

"తీసేసినానమ్మా."

"ఆయమ్మ మాట్లాడుమంటేనే నాకు మాటొచ్చేది సార్" అంది. "పాప బాగుండాదా?"

"బాగుండాది. ఈడనే ఉండాది. పిలుస్తా."

సుంకులమ్మ ఆ పొద్దు కూడా వచ్చి కంప్యూటరు దగ్గర కూర్చుని ఉంది. మనవరాలి కంటే ముందే లేచింది. "మాట్లాడమ్మీ, మాట్లాడు, మీ యమ్మ!" అని తోసింది. ఆరాధన ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ గొంతు కోసం రోజూ నిలబడిన పిల్ల. అవతల తల్లి పేరు పెట్టి పిలవడం నాకు కూడా వినిపించింది.

ఆరాధన నా వైపు చూసింది. నేను నేర్పింది గుర్తుంది.

"నువ్వు మా యమ్మవేనా?" అని అడిగింది ఫోనులో. "అయితే మన నల్ల మేకకు నేను దొంగతనంగా ఏం పెడతాంటినో చెప్పు."

అవతల కేకల మధ్య తల్లి ఏం చెప్పిందో, ఎంతసేపు చెప్పలేకపోయిందో నాకు తెలియదు. సుంకులమ్మ ఏదో అనబోయి ఆగింది. పిల్ల కనుబొమలు ముడిచి వింటూ ఉంది. అదే మాట రెండోసారి అడిగింది.